కరక్కాయ వగరు

చెంగల్రాయ గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా వెంటనే బదులు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవాడు. పని పూర్తయ్యేసరికి కొందరు తాము అడిగింది మరిచిపోయేవాళ్ళు. వాళ్ళకు ఆయన గుర్తు చేసేవాడు కాదు.

స్వర్ణముఖి ఒడ్డున ఆయన పాక. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసి రంగులద్దడం ఆయన పని. ఆ పని నేర్చుకోవడానికి సొంతవాళ్ళను వదిలి చాలా దూరం నుంచి వచ్చిన మునిరత్నం, పన్నెండేళ్ళు శిష్యరికం చేశాక ఒకరోజు ఇలా అడిగాడు.

“అయ్యా, మా పాప వల్లెమ్మ నాలుగేళ్ళప్పుడు నోరు మూసేది కాదు. చీమలు వరసలో ఎందుకు పోతాయి, నీళ్ళకు రంగెందుకు లేదు, అన్నీ అడిగేది. ఒక్కటి కూడా నేను వదిలిపెట్టలేదు. నాకు తెలియనివి బడిపంతులు దగ్గర రాయించుకొచ్చి మరీ చెప్పాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఏమీ అడగదు. పుస్తకం ముందు పెడితే ఆవులిస్తుంది. ఇక్కడ మాకు తాతా అవ్వా లేరు, మేనమామలు లేరు. దానికి ఏం వచ్చినా, ఏం రాకపోయినా పూచీ నాదే. ఇట్లాగే మొద్దుబారిపోతుందేమోనని భయంగా ఉంది. చదువు మీద ఇష్టం ఎట్లా పుట్టించేది?”

“రేపు పాపను తీసుకురా,” అన్నాడు గురువు. “ఈలోగా ఆ కరక్కాయలు దంచు.”

మునిరత్నం సాయంత్రం దాకా దంచాడు. మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకు వచ్చాడు. కలానికి వెదురు ఎట్లా చెక్కుతారో, దానికి ఉన్ని ఎందుకు చుడతారో దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆ పిల్ల ఊఁ కొడుతూ నడిచింది.

గురువు ఆమెకు ఒక కుండ చూపించాడు. తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లం నీళ్ళలో మూడు వారాలు ఊరేసి తీసిన రంగునీళ్ళు అందులో ఉన్నాయి. పల్చగా, మట్టి కలిపిన నీళ్ళలా ఉన్నాయి. కలం అందులో ముంచి, పక్కన పరిచిన గుడ్డ మీద ఒక గీత గీయమన్నాడు. వల్లెమ్మ గీసింది. చూస్తూ ఉండగానే గీత కాటుకలా నల్లబడింది.

“అదెట్లా?” అంది ఆ పిల్ల.

మునిరత్నం ముఖం వెలిగింది. “మంచి ప్రశ్న అడిగావమ్మా. ముందు నీకు ఇనుము సంగతి చెప్పాలి. ఇనుము ఉందే...”

వల్లెమ్మ కలం కింద పెట్టేసింది.

“రత్నం, ఏటికి పోయి గుడ్డలు ఉతుక్కురా,” అన్నాడు గురువు.

“ఒక్క మాట చెప్పేసి పోతానయ్యా.”

“గుడ్డలు.”

మునిరత్నం మూట ఎత్తుకుని వెళ్ళాడు. వల్లెమ్మ గురువు వైపు చూసింది. ఆయన ఇంకో గుడ్డ మీద వంగి తన పని చేసుకుంటున్నాడు. కాసేపటికి ఆమె మళ్ళీ కలం అందుకుంది. పావడా అంచు మీద గీసింది. నల్లబడలేదు. ముంజేతి మీద, ఆకు మీద గీసింది. అక్కడా లేదు. ఎండ వల్లనేమోనని గుడ్డను నీడలోకి లాక్కుపోయి గీసింది. నీడలోనూ నల్లబడింది.

మధ్యాహ్నం మునిరత్నం తడిగుడ్డలతో తిరిగివచ్చేసరికి తడిక అవతల మాటలు వినిపించాయి.

“ఇంత అవస్థ ఎందుకు పాపా? మీ నాయన్ను అడగరాదా? ఆయనకు తెలుసు.”

“వద్దు తాతా.” ఆ పిల్ల గొంతు తగ్గించింది. “అడిగితే చానాసేపు చెప్తాడు. అయ్యేలోపల నేనేం అడిగానో నాకే గుర్తుండదు.”

మునిరత్నం అక్కడే నిలబడిపోయాడు. మూటలోంచి నీళ్ళు కారి కాళ్ళ మీద పడుతున్నాయి. తర్వాత లోపలికి వచ్చి, ఏమీ విననట్టు గుడ్డలు ఆరేయసాగాడు.

వల్లెమ్మ నల్లబడిన గుడ్డను వాసన చూసింది. అంచును నాలుకతో తాకి ముఖం చిట్లించింది. “వగరు!” అంది. ఆలోచిస్తూ తండ్రి దగ్గరకు వచ్చి, అడక్కుండానే ఆయన అరచెయ్యి లాక్కుని వాసన చూసింది. “నిన్న సాయంత్రం నీ చేతులు ఇదే వాసన, నాయనా!” అంటూ రోలు దగ్గరకు పరుగెత్తింది. మునిరత్నం ఇంకో గుడ్డ దులిపి ఆరేశాడు.

ఆ పిల్ల ఒక మామూలు గుడ్డపేలికను కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఎండలో ఆరబెట్టింది. ఆరేదాకా దాని పక్కనే కూర్చుంది. ఆరాక గీసింది. గీత నల్లగా వచ్చింది గానీ, పక్కలకు పాకి గొంగళిపురుగులా తయారైంది. వల్లెమ్మ పకపకా నవ్వింది. రంగు పాకకుండా ఉండాలంటే ఆ నీళ్ళలో గేదెపాలు కలపాలి. ఆ సంగతి మునిరత్నం నాలుక చివరి దాకా వచ్చింది. మింగాడు.

“నాయనా,” అంది వల్లెమ్మ పేలిక పట్టుకొచ్చి. “నల్లగా చేసేది కరక్కాయే. మరి కరక్కాయ ఎందుకట్లా చేస్తుంది?”

మునిరత్నం నోరు తెరిచాడు. పన్నెండేళ్ళుగా ఎంత పొడి, ఎన్ని పాలు, ఎన్ని రోజులు అన్నది నేర్చుకున్నాడు. ఈ మాట ఎన్నడూ అడగలేదు.

“తెలీదమ్మా,” అన్నాడు.

“నీక్కూడా తెలీదా?” ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. తర్వాత వచ్చి ఆయన్ను ఆనుకుని కూర్చుంది. “ఉసిరికాయ కూడా వగరే కదా. దాంతో నల్లబడుతుందా?”

“ఏమో. చూద్దామా?”

ఉసిరికాయల కోసం లేస్తూ మునిరత్నం గురువు వైపు తిరిగాడు. “అయ్యా, మీకు తెలుసా, కరక్కాయ ఎందుకట్లా చేస్తుందో?”

ఆ ఒక్కసారి గురువు ఏ పనీ అప్పగించకుండా బదులు చెప్పాడు.

“తెలిసి ఉంటే ఇంకా చూసేదేముందని ఈ కుండలన్నీ ఎప్పుడో బోర్లించేసి ఉండేవాణ్ణి.”