దూది పట్టిన నీళ్లు

కడుపు ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా నూకాలమ్మ వెన్నులో సన్నటి గొట్టం పెట్టింది ఖలీలే. మత్తు డాక్టరు కావడానికి చదువుతున్న అతను, ఎవరి సాయం లేకుండా పెట్టిన మొదటి గొట్టం అది. అందుకే ఆవిడంటే అంత బెంగ.

గొట్టంలోకి పంపు నుంచి మందు కొద్దికొద్దిగా వెళ్తోంది. రక్తంలో అదెంత చేరిందో రోజూ పరీక్ష చేయిస్తున్నాడు. ఇవాళ అంకె బాగా పెరిగింది. మందు మితిమీరితే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. పాపం, హడలిపోయి పంపు ఆపేశాడు.

రౌండ్స్‌కి వచ్చిన ప్రొఫెసర్ హైమవతి, "ఒకసారి గట్టిగా దగ్గమ్మా" అంది.

నూకాలమ్మ పొట్ట పట్టుకుంది. దగ్గు రాలేదు, కన్నీళ్లొచ్చాయి.

"పర్నేదమ్మా. బాబు నా మంచికే ఆపీసినాడు. ఓర్సుకుంతాను."

ఖలీల్‌కి ప్రాణం చివుక్కుమంది.

"చెవుల్లో హోరుగా ఉందా? నాలుక మొద్దుబారిందా?" అనడిగింది హైమవతి.

"నేదమ్మా. నొప్పొక్కటే."

ఆవిడ శిష్యుడి వైపు తిరిగింది. "మందు మితిమీరితే ముందు కనిపించే గుర్తులివి. నువ్వడిగావా?"

"లేదు మేడమ్. అంకె చూసి భయమేసింది."

ఆవిడ కోప్పడలేదు. భయపడే డాక్టరంటే ఆవిడకి ముద్దే. ట్రేలో ఇంత దూది పెట్టి, సిరంజితో సెలైన్ పోసింది. మరికాస్త దూది పెట్టి, మరికాస్త పోసింది. ఖలీల్ అరచేతిమీద ట్రే వంచింది.

"నీళ్లు పెరిగాయా?"

"పెరిగాయి."

"చెయ్యి తడిసిందా?"

"లేదు."

"కోత పడిన ఒళ్లు ఊరికే ఉండదయ్యా. ఈ దూదిలా మందుని పట్టి ఉంచే ప్రొటీన్‌ని రక్తంలో తనే పెంచుకుంటుంది. విడిగా తిరిగే మందే చెడు చేసేది. నీ అంకెలో పట్టుబడిందీ, విడిగా ఉన్నదీ రెండూ కలిసున్నాయి."

పంపు మళ్లీ పెట్టించింది. కాసేపటికి నూకాలమ్మ నుదుటిమీద ముడతలు విడిపోయాయి. దిండు పొట్టకి అదుముకుని దగ్గింది. తనే ఆశ్చర్యపోయి నవ్వింది.

ఖలీల్ బెంగ ఇంకా తీరలేదు. "రేపు అంకె ఇంకా పెరిగితే, మేడమ్?"

"ఆవిడతో మాట్లాడుతూ ఉండు."

హైమవతి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఖలీల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఊరి సంగతులు చెప్పమ్మా."

నూకాలమ్మ మొదలుపెట్టింది. ఏ మాటైనా తడబడుతుందేమోనని అతను ఒక్కొక్కటీ శ్రద్ధగా వింటున్నాడు.