నాంచారమ్మ కంచె

కొండలకు ఇంకా బండి దారులు పడని రోజుల్లో, ఏరు తనకు నచ్చిన వైపు పారుతున్న కాలంలో, అనగా అనగా రేగుబండ అని ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ.

నాంచారమ్మకు ఎకరం కంద తోట ఉంది. ఆ తోటకంటే పెద్దది ఆమె అనుమానం.

గానుగవాడు నూనె కొలిచి పోస్తే, ఇంటికి వెళ్ళి మళ్ళీ కొలుచుకునేది. ఎవరైనా ఊరికే దోసకాయ ఇస్తే, ముందు ఒక ముక్క కాకికి వేసి, కాకి ఎగిరిపోయేదాకా చూసి, ఆ తర్వాత తినేది. దారిలో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, "ఈ నవ్వుకు నాతో ఏం పని పడిందో!" అనుకునేది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. భర్త పోయిన ఏడాది సంతలో ఒక బేరగాడు ముసలి ఆవు కొమ్ములకు ఆముదమూ మసీ రాసి, పడుచు ఆవని ఆమెకు అంటగట్టాడు. ఇంటికి తోలుకొస్తుంటే వాన పడింది. మసి కారిపోయింది. ఆ రోజు నుంచి ఆమెకు ఏ మనిషిని చూసినా మసి పూసిన కొమ్ములే కనిపించేవి.

అందరికంటే ఎక్కువ అనుమానం పక్క పొలం సింగన్న మీద. ఇద్దరి పొలాల మధ్య ఒక సరిహద్దు రాయి ఉండేది. వరద వచ్చిన ఏడాది అది కనిపించకుండా పోయింది. "నా నేల కలుపుకోవడానికి సింగన్నే పీకి పారేశాడు" అని నాంచారమ్మ ఊరంతా చెప్పింది. "నేను ముట్టుకోలేదు వదినా" అన్నాడు సింగన్న. ఆమె నమ్మలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

ఇలా ఉండగా, ఒక ఏడాది కొండ మీద తిండి కరువై అడవిపందులు ఊరి మీద పడ్డాయి. నాంచారమ్మ పొద్దున్నే తోటకు వెళ్ళి చూసేసరికి మూడు సాళ్ళ కంద కుళ్ళగించి ఉంది. కొరికి వదిలేసిన గడ్డలు మట్టిలో దొర్లుతున్నాయి. మిగిలిన పంట కూడా పోతే శిస్తు కట్టడం కుదరదు. శిస్తు కట్టకపోతే తోట దివాణానికి పోతుంది.

"కంచె వేయించాలి" అనుకుంది నాంచారమ్మ. కానీ ఆమె ఎన్నడూ కంచె వేయించి ఎరగదు. ఎవరిని పిలవాలో తెలియదు, ఎంత ఇవ్వాలో తెలియదు.

ఆ మధ్యాహ్నమే పిలవని పేరంటంలా ఒకడు వచ్చాడు. పేరు పానకాలు. మాట కూడా అలాగే ఉంది.

"పిన్నిగారూ! మీ కష్టం విని అన్నం సయించలేదు. ఈ చుట్టుపక్కల బారకు ఎంతెంతో లాగుతున్నారు. మీకు గనక మూడు రూకలకే కంచె కట్టేస్తాను. కాకపోతే మొత్తం ముందే ఇవ్వాలి. రేపటి నుంచి గుంజల ధర పెరుగుతుందట."

'పందులు పడ్డ సంగతి వీడికి ఎవరు చెప్పారు? పందులేనా?' అనుకుంది నాంచారమ్మ. పైకి మాత్రం, "ఇంతకు ముందు ఎవరికి కట్టావు నాయనా?" అంది.

"ఏరవతల సగం ఊరు నేను కట్టినదే!"

మర్నాడు ఆమె ఏరు దాటి వెళ్ళింది. పానకాలు కట్టిన కంచె ఒకటి కనిపిస్తే, ఒక గుంజను బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది. అది బూరుగు కర్ర. ఒక్క వానకే పుచ్చిపోయింది.

తిరిగి వచ్చేసరికి పానకాలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నీ కంచె చూసి వచ్చాను" అంది నాంచారమ్మ.

పానకాలు కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

'నా అనుమానమే నన్ను కాపాడింది' అని ఆమె పొంగిపోయింది. ఏరు దాటి వెళ్ళి చూసి వచ్చిన కాళ్ళను మాత్రం తలుచుకోలేదు.

చవకవాడు మోసగాడు అయినప్పుడు, ఖరీదైనవాడే నిజాయితీపరుడు అయి ఉంటాడని లెక్క వేసుకుంది. వెతికి వెతికి భీమశంకరం అనే ఆయనకు కబురు పెట్టింది. ఆయన గుర్రం మీద, గొడుగు వేసుకుని వచ్చాడు. తోట గట్టు మీదే గుర్రాన్ని ఆపి, దిగకుండానే చెప్పాడు.

"బారకు తొమ్మిది రూకలు. సగం ముందు, సగం తర్వాత."

"అలాగే బాబూ. కంచె వేసుకోవడానికి ఊరి కట్టుబాట్లు ఏమైనా ఉన్నాయా? చావడికి వెళ్ళి కరణం గారిని అడగాలా?"

భీమశంకరం గొడుగు వంచి, గొంతు తగ్గించాడు. "మీ నేలలో మీరు కంచె వేసుకోవడానికి ఒకరిని అడగడం ఏమిటమ్మా? అడిగారంటే ఆ కరణం మీ తోటకు ఎంత విలువ ఉందో లెక్కలు కడతాడు. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆ మాట నాంచారమ్మకు సూటిగా తగిలింది. 'నిజమే! కరణాన్ని నమ్మడం ఎలా?' అనుకుంది. ఆమె అనుమానానికి ఒక పిడి ఉందని భీమశంకరం కనిపెట్టాడు. దాన్ని పట్టుకుని తనకు కావలసిన వైపు తిప్పాడు. ఆమె చావడికి వెళ్ళలేదు. సగం సొమ్ము చేతిలో పెట్టింది.

రెండు రోజుల్లో నలభై గుంజలు లేచాయి. మూడోరోజు ఊరి తలారి వచ్చాడు.

"నాంచారమ్మగారూ, పశువులు తిరిగే పుంత మీదికి మీ కంచె వచ్చేసింది. అటుపక్క కాలువ గట్టు మీద కూడా గుంజలు పాతించారు. రెండూ కట్టుబాటుకు విరుద్ధమే. పొద్దు గూకేలోగా పీకించకపోతే జరిమానా వేస్తారు."

నాంచారమ్మ భీమశంకరం వైపు తిరిగింది. "ఏమిటి బాబూ ఇది?"

"కంచె వేయమన్నారు, వేశాను. కట్టుబాట్లు తెలుసుకోవడం తోటగలవాళ్ళ పని" అన్నాడు భీమశంకరం. గుర్రం ఎక్కాడు. గొడుగు విప్పాడు. అంతే, మళ్ళీ ఆ దారిన కనిపించలేదు.

పీకిన గుంజలు గట్టు మీద కుప్పగా పడ్డాయి. ఆ వారంలోనే పందులు మరో నాలుగు సాళ్ళు తినేశాయి. నాంచారమ్మ ఆ కుప్ప మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంత అనుమానం మోస్తూ తిరిగాను కదా, అది అవసరానికి ఎందుకు పనికిరాలేదు అని ఆమెకు అర్థం కాలేదు.

తలారికి జాలి వేసింది. "కొండ కింద గవరయ్య అని ఉన్నాడమ్మా. నెమ్మదస్థుడు. ఒకసారి అడిగి చూడండి" అన్నాడు.

గవరయ్య నడిచి వచ్చాడు. భుజాన గునపం, చేతిలో ముడులు వేసిన కొలతతాడు. వచ్చీ రాగానే తోట చుట్టూ తిరిగాడు. పది అడుగులకు ఒకచోట గునపం గుచ్చి చెవి పెట్టి విన్నాడు.

"బారకు ఎంత?" అంది నాంచారమ్మ, ఉండబట్టలేక.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. తూర్పు పక్క కింద రాయి తగులుతోంది. ఎంత దూరం ఉందో చూడాలి."

'ధర చెప్పడం లేదు. నా కొంగుముడిలో ఎంత ఉందో చూస్తున్నాడు' అనుకుంది నాంచారమ్మ.

"కంచె వేసుకోవడానికి చావడి నుంచి చీటీ తెచ్చుకున్నారా?" అన్నాడు గవరయ్య.

'చీటీతో వీడికి ఏం పని?' అనుకుంది.

"సరిహద్దు రాయి ఎక్కడుందమ్మా? పక్క పొలం ఆయన్ని ఒకసారి పిలవండి. ఆయన ఎదుట నిలబడితే తప్ప నేను ఈ పక్క గుంజ పాతను."

ఇక నాంచారమ్మ ఆగలేకపోయింది. "అదీ సంగతి! సింగన్నే పంపాడు కదూ నిన్ను? నిజం చెప్పు!"

గవరయ్య కోప్పడలేదు. గునపం నేలకు ఆనించి అన్నాడు. "సింగన్న ఎవరో నేను ఎరగనమ్మా. నా మీద మీకు అనుమానం ఉంటే ఉండనీయండి, తప్పు లేదు. కానీ ఆ అనుమానాన్ని ఇంట్లో కూర్చోబెట్టి మేపకండి. చావడికి పంపండి. నేను చెప్పింది నిజమో కాదో అడిగి రమ్మనండి."

నాంచారమ్మ ఆ పూటంతా ఆలోచించి, మర్నాడు చావడికి వెళ్ళింది.

కరణం తల ఎత్తకుండానే చెప్పాడు. "పుంత వైపు నాలుగు మూరలు వదలాలి. కాలువ గట్టు ముట్టుకోకూడదు. ఇద్దరి మధ్య కంచె అయితే ఇద్దరూ నిలబడి సరిహద్దు ఒప్పుకోవాలి, ఖర్చు చెరిసగం పెట్టుకోవాలి."

"చెరిసగమా!" అంది నాంచారమ్మ.

"చెరిసగమే. మా తాతల నాటి నుంచీ అంతే."

"మరి కూలి ఎంత ఉంటుంది బాబూ, ఈ ప్రాంతంలో?"

"మెత్తనేల అయితే బారకు అయిదు రూకలు. రాతినేల అయితే ఏడు."

"ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

కరణం అప్పుడు తల ఎత్తాడు. "ఎవరూ అడగలేదమ్మా."

చీటీకి ఏమైనా ఇవ్వాలేమోనని ఆమె కొంగుముడి పట్టుకుంది. "తాటాకు ఒకటి తెచ్చుకుంటే చాలు" అన్నాడు కరణం. తాటాకు మీద రాసి ఇచ్చిన చీటీని నాంచారమ్మ తిప్పి వెనకవైపు కూడా చూసుకుంది. వెనక ఏమీ లేదు.

ఆమె తోటకు వచ్చేసరికి గవరయ్య తాడు చుట్టుకుంటున్నాడు. "చూశానమ్మా. మూడు పక్కలా మెత్తనేల, బారకు అయిదు. తూర్పు పక్క రాయి, అక్కడ ఏడు. మూడు వాయిదాల్లో ఇవ్వండి. పని మొదలైనప్పుడు ఒకటి, గుంజలు లేచాక ఒకటి, కంచె మొత్తం మీరు లాగి చూసుకున్నాక ఒకటి."

కరణం చెప్పినదీ ఇతను చెప్పినదీ పొల్లు పోకుండా ఒక్కటే. 'ఇద్దరూ కూడబలుక్కున్నారా ఏమిటి?' అనుకుంది ముందు. మరుక్షణం తన మీద తనకే నవ్వు వచ్చింది.

ఇక మిగిలింది సింగన్న. అతని వాకిలి నలభై అడుగుల దూరం. ఆ నలభై అడుగులూ నడవడం నాంచారమ్మకు ఏరు దాటడం కన్నా కష్టమైంది.

"సింగన్నా" అని పిలిచింది.

అతను చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"కంచె వేయిస్తున్నాను. సరిహద్దు దగ్గర నువ్వు నిలబడాలట. అది కట్టుబాటు."

"వస్తాను పద" అన్నాడు సింగన్న.

గట్టు మీదికి వచ్చి ఇటూ అటూ చూడలేదు. తిన్నగా ఒక చెదపుట్ట దగ్గరికి నడిచి, "ఇక్కడ తవ్వు" అన్నాడు గవరయ్యతో.

'చూశావా! వీడికి చోటు కూడా తెలుసు!' నాంచారమ్మ ఒళ్ళు భగ్గుమంది. నోటిదాకా వచ్చిన మాటను పళ్ళ బిగువున ఆపుకుని నిలబడింది.

గవరయ్య తవ్వాడు. జానెడు లోతున గునపం ఖంగుమంది. మట్టి తీస్తే సరిహద్దు రాయి కనిపించింది. పడిపోలేదు, ఒరగలేదు. నిటారుగా ఉంది.

గవరయ్య రాయి పక్కన చెయ్యి పెట్టి అడుగున తడిమాడు. గుప్పెడు బొగ్గులు తీసి చూపించాడు. "సరిహద్దు రాయి పాతేటప్పుడు కింద బొగ్గు పోస్తారమ్మా. రాయి కదిలితే బొగ్గు చెదిరిపోతుంది. ఇది చెదరలేదు. వరద మేటలో రాయి పూడిపోయింది, అంతే. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు."

తర్వాత ఆ రాయి నుంచి తిన్నగా తాడు పట్టాడు. తాడు నాంచారమ్మ కంద సాళ్ళ మీదుగా వెళ్ళింది. రెండు సాళ్ళు తాడుకు అవతల, సింగన్న నేలలో ఉన్నాయి.

ఆరేళ్ళుగా ఆమె సింగన్న నేల సాగు చేసుకుంటోంది.

నాంచారమ్మ సింగన్న వైపు తిరిగింది. "నీకు తెలుసా?" అంది.

"తెలుసు వదినా. వరద తీసిన ఏడాదే నాగలికి తగిలింది."

"మరి చెప్పలేదేం?"

"రాయి నేనే పీకానని ఊరంతా చెప్పావు. అప్పుడు ఇదిగో రాయి అని చూపిస్తే, నేనే తెచ్చి పాతానని అనేదానివి. అనవా?"

అని ఉండేదాన్నేనని ఆమెకు తెలుసు. అందుకే తల వంచుకుంది.

"చావడికి వెళ్ళి ఉంటే నాకు నేల వచ్చేది. నీకు తలవంపులు వచ్చేవి. అన్న లేని ఇంటి మీద ఆ పని చేయబుద్ధి కాలేదు" అన్నాడు సింగన్న.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఈ ఏడు ఆ రెండు సాళ్ళ కందా నీదే. నేనే తవ్వి, కడిగి, మీ ఇంటికి తెచ్చి ఇస్తాను. నేను ఊరంతా అన్న మాట కూడా ఊరంతా తిరిగి వెనక్కి తీసుకుంటాను."

"మాట వెనక్కి తీసుకుంటే చాలు వదినా. కంద సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు సింగన్న. మధ్య కంచెకు తన సగం సొమ్ము తెచ్చి గవరయ్య చేతిలో పెట్టాడు.

కంచె తొమ్మిది రోజులు పట్టింది. గవరయ్య చండ్ర గుంజల మొదళ్ళు నిప్పుల్లో కాల్చి పాతాడు. వాటి మధ్య రేగుకంప ఒత్తుగా అల్లాడు. పని అయ్యాక నాంచారమ్మ ఒక్కొక్క గుంజనూ పట్టుకుని లాగి చూసింది. "ఇంకా గట్టిగా లాగండమ్మా" అన్నాడు గవరయ్య నవ్వుతూ. ఒక్కటీ కదల్లేదు. ఆమె చివరి వాయిదా చేతిలో పెట్టి, దాంతోపాటు ఒక కొత్త ధోవతి ఇచ్చింది.

పందులు మళ్ళీ వచ్చాయి. ముట్టెలకు ముళ్ళు గుచ్చుకుని కీచుమంటూ కొండెక్కాయి. మిగిలిన కంద చేతికి వచ్చింది. శిస్తు కట్టగా విత్తనానికీ మిగిలింది.

మరుసటి ఏడాది ఊళ్ళోవాళ్ళు నాంచారమ్మ దగ్గరికి వచ్చి, "కంచెకు ఎవరిని పిలవమంటావు?" అని అడిగేవారు. ఆమె వెంటనే పేరు చెప్పేది కాదు.

"ముందు అతను కట్టిన కంచె చూసి రండి. చావడిలో ధరా కట్టుబాటూ కనుక్కోండి. పొరుగువాళ్ళను పిలిచి ఎదురుగా నిలబెట్టుకోండి. ఆ తర్వాత రండి, పేరు చెబుతాను" అనేది.

మనసులో అనుమానం రావడం తప్పు కాదు, దాన్ని అడిగి తేల్చుకోకుండా పెంచుకోవడమే తప్పు.