సగం కుట్టిన పరుపు

దూదేకుల దస్తగిరికి నలభై రెండో ఏడు వచ్చింది. వాళ్ళ నాయన పోయింది ఆ వయసులోనే, అన్న పోయిందీ ఆ వయసులోనే. ఇక మనవాడికి కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటైనా పోవాలనిపిస్తుంది. దర్గాకు పోయినా దువా సగంలో ఉండగానే లేచి వచ్చేస్తాడు.

ఇంట్లో చూస్తే కూతురు మాబున్నికి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు చిన్న పరుపు కుట్టమని భార్య హుసేన్‌బీ పోరుతూనే ఉంది. ఏకిన దూది మూలన కుప్పగా ఉన్నా ఈయన చెయ్యి పెట్టడు. ఎందుకంటారా? వాళ్ళ పెద్దలు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. దూది కూరినవాడే కుట్టు ముగించాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదు. నడుమ తాను పోతే పసిబిడ్డ పరుపు నోరు తెరుచుకుని ఉండిపోతుందని ఆయన భయం.

"నువ్వు పోతావో లేదో తేలేదాకా బిడ్డను నేలమీద పడుకోబెట్టమంటావా?" అంది హుసేన్‌బీ.

ఆ మాటకు ఉండబట్టలేక గురువు కాశీమయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఆయనదీ దూదేకే పనే, ఎనభై దాటిన మనిషి. దర్గా వసారాలో కూర్చుని పరుపులో దూది కూరుతున్నాడు.

"సామీ, నాకు ఇంకెంత ఉంది?"

కాశీమయ్య చేతిలో పని ఆపలేదు. కూరడం అయ్యాక సూది తీసి పరుపు నోరు కుట్టసాగాడు. జానెడు కుట్టాడో లేదో, సూదిని గుడ్డకే గుచ్చి, ఒళ్ళు విరుచుకుని చాపమీద వాలాడు.

దస్తగిరికి కాలు నిలవలేదు. వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

"అట్ల వదిలేస్తివే సామీ! ఈ వయసులో, మళ్ళీ లేస్తావో లేదో."

"లేవకపోవచ్చు."

"మరి కట్టుబాటు?"

"ఈ పత్తి విత్తింది నేనా?"

"కాదు."

"దానికి వాన కురిపించింది?"

దస్తగిరి తిరగడం ఆపాడు.

"మొదలు నాది కాకపాయె. కొస మాత్రం నాదంటే అల్లా నవ్వడా?" అని ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికే గురక.

దస్తగిరి ఆ సూదిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంటికి పోయి, ఎవరితో ఏమీ చెప్పకుండా దూది ముందేసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు హుసేన్‌బీ అన్నానికి పిలిచింది. పలుకు లేదు. గబగబా వచ్చి చూసింది.

చిన్న పరుపు సగం కుట్టి ఉంది. సూది అందులోనే గుచ్చి ఉంది. పక్కనే నేలమీద దస్తగిరి గురక పెడుతున్నాడు.