గుగ్గిలం తోపులో గొంతు

అనగనగా రెండు కొండల నడుమ ఒక గుగ్గిలం తోపు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో మసకగానే ఉండేది. చెట్లు అంత ఒత్తుగా పెరిగాయి. పిట్ట కూసేది కాదు. గాలి చొరబడేది కాదు.

ఆ తోపు సింగారమ్మ అనే ఎలుగుబంటిది. వాళ్ళ నాన్న ఒక్కొక్క మొక్కా నాటి పెంచాడు. పోయే ముందు కూతుర్ని పిలిచి, "జాగ్రత్తమ్మా" అన్నాడు. ఎలా జాగ్రత్త చెయ్యాలో చెప్పేలోగా కన్ను మూశాడు. అందుకని సింగారమ్మ తనకు తోచిన జాగ్రత్త చేసింది. ఎవరినీ ఒక్క కొమ్మ కూడా విరవనిచ్చేది కాదు.

ఒక వానాకాలం ఆమె అన్నిటికంటే పెద్ద మానుకు వీపు ఆనించి కూర్చుంది. మాను లోపలి నుంచి చప్పుడు వచ్చింది.

కర్... కర్... కర్...

సింగారమ్మ గబుక్కున అటు తిరిగింది. చెవి ఆనించి వింది. ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు ఉంది. మాట్లాడబోయే ముందు వాళ్ళ నాన్న అచ్చం అలాగే చేసేవాడు.

"నాన్నా, నువ్వేనా?" అంది.

చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. కర్... కర్...

ఆ రోజు నుంచి ఆమె రోజూ ఆ మాను దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది.

తోపు అంచున చుక్కమ్మ అనే దుప్పి తన పిల్లతో ఉండేది. ఆ చప్పుడంటే ఆమెకు హడలు.

"వదినా, నాకేదో భయంగా ఉంది. ఒక్కసారి వీరాచారిని పిలిపించు" అని సింగారమ్మతో అంది.

వీరాచారి ఒక వడ్రంగిపిట్ట. ఊరూరి తోపులు చూడడమే అతని పని. చెట్టును ముక్కుతో తట్టి, ఏది గట్టిగా ఉందో, ఏది చెడిందో, ఏది కొట్టాలో, ఏది ఉంచాలో చెప్పేవాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ వాళ్ళది అదే విద్య.

చుక్కమ్మ పోరు పడలేక సింగారమ్మ కబురు పెట్టింది. అతను వచ్చి రోజంతా తోపులో తిరిగాడు. ఠక్, ఠక్, ఠక్. సాయంత్రానికి కిందికి దిగాడు.

"అమ్మా, ఏడు చెట్లకు లోపల పురుగు పడింది. ఇప్పుడే కొట్టించి బయటికి లాగించేస్తే మిగతావి బతుకుతాయి. వాటిలో ఈ పెద్ద మాను కూడా ఒకటి."

"అది పురుగు కాదు. మా నాన్న" అంది సింగారమ్మ.

వీరాచారి మానును ముక్కుతో ఇంకోసారి తట్టి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మీ నాన్నగారి గొంతు నాకు తెలియదమ్మా. పురుగు గొంతు తెలుసు."

పక్కనే ఉన్న ఒక గుంటనక్క నవ్వింది. "అత్తా, వాడి తిండే పురుగులు! పురుగుందని చెప్పక ఇంకేం చెబుతాడు?"

సింగారమ్మకు ఆ మాటే నచ్చింది. "వెళ్ళిపో, ఆచారీ. నా చెట్ల మీద నీ ముక్కు పడితే ఊరుకోను" అంది.

ఏడాది గడిచింది. బెరడు నిండా చిల్లులు పడ్డాయి. చిల్లుల్లోంచి జిగురు కన్నీళ్ళలా కారింది. చెట్ల మొదట్లో పిండిలాంటి పొట్టు కుప్పలుగా పడింది. వానల్లోనే ఆకులు పండిపోయాయి. ఇప్పుడు తోపులో ఎటు వెళ్ళినా అదే గొంతు. సింగారమ్మ నడిస్తే ముందు నుంచి, ఆగితే వెనక నుంచి. ఆమెకూ లోలోపల భయం వేసింది. ఎవరితోనూ అనలేదు.

వీరాచారి పిలవకుండానే వచ్చాడు. దూరంగా ఒక బండ మీద వాలి, "అమ్మా, ఇప్పుడు నలభై!" అని కేకేశాడు.

సింగారమ్మ రాయి విసిరింది.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం, తోపంతా ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. ఒక్క చెట్టు నుంచి కూడా చప్పుడు లేదు.

"నాన్నా?" అంది సింగారమ్మ.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా పెద్ద మాను మెల్లగా ఒరిగింది. ఫెళ్ళున విరిగి పడింది. ఆ చప్పుడు వెనకే చుక్కమ్మ అరుపు వినిపించింది.

మాను పడిన వైపే మేస్తున్న దుప్పి తన పిల్లను పక్కకు నెట్టేసింది కానీ, తన వెనక కాలు మాను కింద పడి నలిగింది.

"వదినా! లేపు వదినా!"

సింగారమ్మ పరుగెత్తి మానును పట్టుకుంది. "నాన్నా, ఒక్క చెయ్యి వెయ్యి!" అని ఏడ్చింది. ఆమె చెయ్యి బెరడులోంచి లోపలికి దిగిపోయింది. లోపల కర్ర లేదు. పిండి. ఆ పిండిలో వేలంత లావు తెల్లటి పురుగులు చల్లగా మెసిలాయి. ఆమె గోరును తాకి ఒకటి మెల్లగా కొరికింది.

కర్... కర్...

సింగారమ్మ మానును ఎత్తి చుక్కమ్మను బయటికి లాగింది. చాలాసేపు తన చెయ్యి చూసుకుంటూ నిలబడింది. తర్వాత కొండ దాటి వీరాచారి గూటి దగ్గరికి వెళ్ళింది.

"ఆచారిగారూ, రాళ్ళు విసిరిన చెయ్యే ఇది. మీరు రారేమో అనుకుంటూనే వచ్చాను. నాకు చెట్లంటే ప్రాణం. చెట్ల గురించి మాత్రం ఏమీ తెలియదు. మీరు చెప్పినట్టే చేస్తాను."

వీరాచారి ఒక్క మాట కూడా దెప్పలేదు. ఆ రోజే పని మొదలుపెట్టాడు. చెడిన చెట్లకు బెరడు గీకి గుర్తులు పెట్టాడు. సింగారమ్మ పిలిచిన ఏనుగులు వాటిని పడదోసి, దూరంగా ఎండ తగిలే బండల మీదికి లాక్కెళ్ళాయి. పని అయ్యేసరికి తోపులో సగమే మిగిలింది.

"మొదటిసారే మీ మాట విని ఉంటే?" అంది సింగారమ్మ.

"ఏడు పోయేవి" అన్నాడు వీరాచారి.

చుక్కమ్మ కాలు అతికింది కానీ ఇక ఎప్పటికీ పరుగెత్తలేకపోయింది. సింగారమ్మ రోజూ లేత గడ్డి తెచ్చి ఆమె ముందు పెట్టేది. చాన్నాళ్ళు చుక్కమ్మ తల తిప్పుకునే తినేది. ఒక రోజు, "కూర్చో వదినా" అంది.

నీతి: తెలియని పనికి తెలిసినవాళ్ళను పిలవాలి. వాళ్ళు నచ్చని నిజం చెప్పారని తరిమేస్తే, ఆ దెబ్బ మన పక్కన బతికేవాళ్ళకు కూడా తగులుతుంది.