హిల్లె వెంట నడిచిన బాతులు

సముద్రానికి ఇంకా మనుషులంటే భయం లేని రోజుల్లో, హాలండు దేశంలో మేర్‌డెల్ అనే చిన్న ఊరుండేది. ఊరేమో పల్లంలో, సముద్రమేమో ఎత్తున. మధ్యన ఒక మట్టి కరకట్ట. ఆ కట్టే ఊరికి ప్రాణం.

ఊరివాళ్ళు ఆ కట్టని ముక్కలుగా పంచుకున్నారు. ఎవరి పొలం ముందున్న ముక్కకి వాళ్ళే మట్టి పోసుకోవాలి. పోసుకోలేనివాడు తన పార ఆ కట్టలో గుచ్చి ఊరు విడిచి పోవాలి. ఇల్లూ పొలం అన్నీ వదిలెయ్యాలి. దానంతటది అతని వెంట నడిచి వచ్చిందే అతనిది. ఆ పార పీకినవాళ్ళకి పొలం దక్కుతుంది, కట్ట బరువూ నెత్తిన పడుతుంది. ఊరి సభలో మాట్లాడే హక్కు కూడా వస్తుంది. పొలం లేనివాళ్ళు సభలో నోరు మెదపకూడదు. తాతలు పెట్టిన చట్టం, ఇంకేముంది, తిరుగులేదు!

ఆ ఊళ్ళో హిల్లె అని ఒకావిడ ఉండేది. సెంటు భూమి లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఊరందరి బాతులూ కాసేది. గుడ్డు పగిలి బయటికొచ్చిన ప్రతి పిల్లనీ ఒళ్ళో పెట్టుకుని పెంచేది. అవి ఆమె వెనకే నడిచేవి, వెనకే ఈదేవి, వెనకే పడుకునేవి. తమ అసలు యజమానులెవరో వాటికి తెలియనే తెలియదు.

ఒక ఏడు బొట్టె అనే రైతుకి నడుం పడిపోయింది. తుఫానుల కాలం దగ్గరకొచ్చింది. అతని కట్ట ముక్క చూస్తే అరిగి సగమైంది. పాపం, ఏడుస్తూ పార తెచ్చి కట్టలో గుచ్చాడు. పసిబిడ్డని చంకనేసుకుని భార్య పక్కన నిలబడింది.

కరకట్ట పెద్ద యాల్మెర్ అక్కడే సభ పిలిచాడు. "ఈ పార ఎవరు పీకుతారు?"

"నా ముక్కకే దిక్కు లేదు," అన్నాడొక రైతు.

"నా ఎడ్లు ముసలివైపోయాయి," అన్నాడింకొకడు.

మూడోవాడు టోపీ సర్దుకుని ఆకాశం వంక చూశాడు.

హిల్లె వెళ్ళి పార పీకేసింది. సభంతా ఘొల్లున నవ్వింది.

"నవ్వండయ్యా. నాకిప్పుడు నోరొచ్చింది కదా, ఒక్క మాట చెప్తాను. బొట్టెని అతనింట్లోనే ఉండనివ్వండి. ఈ ముక్కకి అందరం తలో బుట్ట మట్టి పోద్దాం. ఇక్కడ కట్ట తెగితే, నీళ్ళు మీ గుమ్మం ముందు ఆగి లోపలికి రమ్మంటారా అని అడుగుతాయా?"

"ఎవరి ముక్క వాళ్ళదే," అన్నాడు యాల్మెర్.

ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఎవరి ముక్క వాళ్ళదే అన్నారు.

"నేనొక్కదాన్నీ పొయ్యలేను పెద్దయ్యా."

"అయితే పార గుచ్చి వెళ్ళిపో."

"సరే," అంది హిల్లె. పార గుచ్చింది. నడిచింది.

ఆమె వెనక ఒక బాతు నడిచింది. పెరళ్ళలోంచి కొన్ని, కాలవల్లోంచి కొన్ని, కొట్టాల్లోంచి కొన్ని వచ్చాయి. ఊళ్ళోని బాతులన్నీ బారులు తీరి వెళ్ళిపోతున్నాయి.

యాల్మెర్ భార్య పరిగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, మన బాతులు పోతుంటే చూస్తూ నిలబడ్డావేం? ఆపు!"

"ఎలా ఆపనే? వెంట నడిచింది వాళ్ళదేనని చట్టం."

"అయితే చలికాలం ఆ చట్టమే కప్పుకుని పడుకో! పరుపులోకి ఈకలు మాత్రం నన్నడక్కు!"

ఆడవాళ్ళు మొగుళ్ళని తిడుతూనే బొట్టె ముక్కకి మట్టి మొయ్యడానికి బుట్టలందుకున్నారు. మగవాళ్ళు తలలొంచుకుని పారలందుకున్నారు. యాల్మెర్ ఊరి చివరి వంతెన దాకా పరిగెత్తి, టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"వెనక్కి రా, హిల్లమ్మా."

"బొట్టె?"

"ఉంటాడు."

"మట్టి?"

"అదిగో, పోస్తున్నారు."

"మరి సభలో నా మాట?"

యాల్మెర్ గడ్డం గోక్కున్నాడు. "ముందు నీదే."

ఆ ఏడు తుఫాను రానే వచ్చింది. కట్ట నిలబడింది. బొట్టె బిడ్డ ఆ ఇంట్లోనే నడక నేర్చింది.

హిల్లె చాలా ఏళ్ళు బతికి, హాయిగా కన్నుమూసింది. ఆమె సమాధి మీద రాయి పెట్టారో లేదో ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నది వేరే ఉంది. ఇప్పటికీ మేర్‌డెల్‌లో ఊరి సభ మొదలుపెట్టే ముందు పెద్ద లేచి, "హిల్లె అడుగుతోంది, ఈ ఏడు ఎవరికి సాయం కావాలి?" అంటాడు. ఎవరైనా చెయ్యెత్తితే సభ పక్కన పెట్టి, అందరూ బుట్టలు పట్టుకుని ముందు ఆ పనికి వెళతారు. ఈ మధ్య ఒకసారి, అడిగిన పెద్దే సిగ్గుపడుతూ చెయ్యెత్తాడట.