చలివేంద్రంలో వేడినీళ్లు

మాణిక్యాంబగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. గొల్లమెట్టలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. మోక్షమంటే ఏమిటని అడిగిన వకీలుగారి చేత పెరట్లో ములక్కాడలు కోయించింది. ఇంట్లో తన మాట ఎవరూ వినడం లేదని మొరపెట్టుకున్న పెద్దమనిషిని, ఆ పూటంతా నోరు మెదపకుండా ఉల్లిపాయలు తరగమంది. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ములక్కాడలు మాత్రమే దొరికేవి. బడిపంతులమ్మగా రిటైరై, సాయంత్రాలు తన రేకుల వసారాలో నలుగురిని కూర్చోబెట్టుకుని మంచీ చెడ్డా మాట్లాడే మనిషి ఆమె. పీఠం లేదు, పాదపూజ లేదు. ఆమెను గురువనుకున్నవాళ్లే ఆమెకు శిష్యులు.

ఆ శిష్యుల్లో పెద్ద పేరు పరంధామయ్యది. చిన్నప్పుడు ఆమె దగ్గరే ఎక్కాలు నేర్చాడు. పెద్దయ్యాక వరసగా నాలుగు ఎన్నికలు గెలిచాడు, మంత్రి అయ్యాడు. నామినేషన్ వేసే ముందు వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టడం మానలేదు. ఆమె కూడా ప్రతిసారీ ఒకటే అడిగేది: "ఎండన పడి తిరుగుతున్నావా నాయనా?" పాపం పెద్దావిడకు తన ఆరోగ్యం మీద బెంగ అనుకుని, కారులో ఏసీ ఉందమ్మా, మీరేం దిగులు పడకండి అని అతను నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

ఆ వేసవిలో ఫలితాలు వచ్చిన రోజు రాష్ట్రం రాష్ట్రమే నోరు వెళ్లబెట్టింది. ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకున్నా గెలుస్తారన్న మహామహులు మధ్యాహ్నానికే మునిగిపోయారు. ఆర్థికమంత్రి పోయాడు, స్పీకరు పోయాడు, పార్టీకి వెన్నెముక అనిపించుకున్న అధ్యక్షుడు సొంత ఊరి బూత్‌లోనే వెనకబడ్డాడు. లారీల్లో తెప్పించుకున్న టపాకాయలను వెనక్కి తీసుకోవడానికి దుకాణాలవాళ్లు ఒప్పుకోకపోతే, వాటిని కొన్నవాళ్లే సిగ్గు చంపుకుని గెలిచినవాళ్లకు సగం ధరకు అమ్మారని చెప్పుకున్నారు. గొల్లమెట్టలో పరంధామయ్యను ఓడించింది మేరీ సుభాషిణి. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. చేతిలో గొడుగు, వెనక పది మంది పిల్లలు, ఆమె ప్రచారం అంతే. ఆ గొడుగును పరంధామయ్య సభల్లో ఎంత ఎగతాళి చేశాడో అతనికే గుర్తుండి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మూడో రోజు పొద్దున అనుచరులంతా హాల్లో చేరారు. వాళ్లలో ముఖ్యుడు శేషగిరి, నీడలాగా వెంట ఉండే మనిషి. ఊళ్లోని చలివేంద్రాలు పరంధామయ్య పేరిట నడుస్తున్నవే. కొండమీద కాలనీకి కుళాయిలు లేవు కనుక, ఆ ఇళ్లకు నీళ్లు మోసే ట్యాంకర్లు కూడా అతనివే. ఇవన్నీ ఈ రోజే ఆపేద్దామన్నాడు శేషగిరి. "ఓటెయ్యని నోటికి నీళ్లెందుకన్నా? ఒక్క వారం ఎండనియ్యండి. తమకు ఎవరు కావాలో వాళ్లకే తెలిసొస్తుంది." హాల్లో అందరూ తలలూపారు. తప్పు అని పరంధామయ్య నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. ఎందుకంటే ఆ మాట అతని కడుపులోని మంటకు చల్లగానే తగిలింది. పంతులమ్మగారిని చూసొచ్చి చెబుతానన్నాడు. ట్యాంకర్ల డ్రైవర్లు తాళాలు చేతిలో పట్టుకుని అతని మాట కోసం కూర్చున్నారు.

వసారాలో ఆమె ఒక్కతే ఉంది, చింతపండులో గింజలు తీస్తోంది. పరంధామయ్య కింద కూర్చుని ఉన్నదంతా వెళ్లగక్కాడు. రోడ్లు వేయించాను, ఆసుపత్రి తెచ్చాను, చావుకూ పెళ్లికీ మనిషిని పంపాను, ఎండాకాలం వస్తే దాహానికి నీళ్లు పెట్టించాను అన్నాడు. నేను ఒక్కణ్ణీ కాదు, కొండల్లాంటివాళ్లు కూలిపోయారమ్మా అన్నాడు. చివరికి అడిగాడు.

"నేనేం తక్కువ చేశానమ్మా? ఒక్కటి చెప్పండి. ఎందుకు ఓడించారు?"

మాణిక్యాంబగారు చేతులు దులుపుకుని ఇత్తడి చెంబు అతని ముందు పెట్టింది. "దాహంగా ఉంది నాయనా. బస్టాండు దగ్గర నీ చలివేంద్రం ఉందిగా, చెంబుడు చల్లని నీళ్లు తెచ్చిపెట్టు." వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ శేషగిరి గబుక్కున చెంబు అందుకోబోయాడు. ఆమె చెంబు మీద చెయ్యి వేసి, అడిగింది అతన్ని కాదంది. కారు తియ్యనా అని శేషగిరి అడిగాడు. సందు చివర బస్టాండుకు కారెందుకంది.

పరంధామయ్య తలమీద తువ్వాలు వేసుకుని బయల్దేరాడు. పట్టపగలు ఒంటరిగా ఆ సందులో నడిచి ఎన్నేళ్లయిందో అతనికి జ్ఞాపకం లేదు. చలివేంద్రం పందిరి మీద నిలువెత్తు ఫ్లెక్సీలో తానే చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద వరసగా కుండలు. అన్నిటికీ నిగనిగలాడే ఊదా రంగు, పార్టీ రంగు. ప్రతి కుండ బొజ్జ మీదా తన ముఖం. నీళ్లు పోసే ఆదెమ్మ జాడ లేదు, తాగేవాళ్లూ లేరు. చెంబు ముంచుకుని వెనక్కి నడిచాడు. దారిలో చెంబు చేతికి వెచ్చగా తగిలితే, ఎండ కదా అనుకున్నాడు.

మాణిక్యాంబగారు ఒక్క గుక్క నోట్లో పోసుకుని, తీసుకెళ్లి మందారం మొదట్లో ఉమ్మింది.

"కాళ్లు కడుక్కోవడానికి కాదు నాయనా, తాగడానికి అడిగాను."

మళ్లీ చెంబు చేతికిచ్చింది. శేషగిరి ముఖం ఎర్రబడింది. ఓడిపోయిన మనిషిని ఈ వయసులో ఎండలో తిప్పడం ఏం గురుత్వమో అని వినపడేలాగే గొణిగాడు. అతనితో పాటు పరంధామయ్యకూ కోపం వచ్చింది. కానీ నాలుగో తరగతి భయం ఒకటి ఉంటుంది, అది మంత్రి పదవికన్నా పాతది. లేచాడు.

ఈసారి కుండలో నీళ్లు తాను తాగి చూశాడు. స్నానానికి తోడుకున్న నీళ్లలా ఉన్నాయి. రెండో కుండా అంతే, మూడోదీ అంతే. ఆ పందిట్లో నిలబడి తన ముఖాన్ని తానే చూసుకుంటుంటే అతనికి రెండు సంగతులు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి. మొదటిది, ఈ చలివేంద్రాన్ని రిబ్బను కత్తిరించి తెరిచింది తానే. ఆ రోజు ఫొటోలు దిగి, అందరి ముందూ దాహం తీర్చుకున్నాడు. అయితే ఆ నీళ్లు శేషగిరి ఐసుపెట్టెలోంచి తీసిచ్చిన సీసాలోవి. ఈ కుండలో నీళ్లు నాలుక మీద పడడం ఇదే మొదలు. రెండోది, వాళ్లమ్మ. ఎండాకాలం వస్తే ఆమె కుండను పైపైన కొబ్బరిపీచుతో రుద్దేది. నున్నగా కనపడాలని తాను చిన్నప్పుడు దాని మీద ఏదో రంగు పూయబోతే చేతి మీద ఒకటి వేసింది. కుండకు చెమట పట్టాలిరా, చెమర్చని కుండలో నీళ్లు చల్లబడవు అంది. ఈ ముక్క తనకు తెలియనిది కాదు. తెలిసిన సంగతి మీద ఎవరో రంగు పూస్తుంటే రిబ్బను కత్తిరించాడు.

ఎదురుగా మస్తాన్ పంక్చరు షాపు. దాని నీడలో ఇసుక మీద ఒక మామూలు మట్టికుండ, చుట్టూ తడి గోనెపట్టా. బస్సు దిగినవాళ్లు అక్కడ వరసగా నిలబడి ఉన్నారు. తన చలివేంద్రంలో జీతం తీసుకునే ఆదెమ్మ ఆ కుండ పక్కన కూర్చుని గ్లాసులు అందిస్తోంది. పరంధామయ్య పోయి వరస చివర నిలబడ్డాడు. తువ్వాలు కింద ముఖం ఎవరికీ కనపడలేదు. ముందున్న కుర్రాడు ఎవరో, అటు పక్క అన్ని కుండలుంటే ఇటెందుకీ తోపులాట అన్నాడు. కూరగాయల గంప దింపుకుంటున్న ఒకామె తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"మంత్రిగారి కుండలా? కాస్త టీపొడి పట్టుకెళ్లు నాయనా, పొయ్యితో పని లేదు."

వరసంతా నవ్వింది. ఆ నవ్వులో పగ లేదు, అదే పరంధామయ్యను ఎక్కువ బాధపెట్టింది. ఊరంతా ఏళ్లుగా చెప్పుకుని చెప్పుకుని అరగదీసిన జోకు అది. అతని చెవినే పడలేదు. తువ్వాలు తీశాడు. నవ్వు ఆగిపోయింది, ముందున్నవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. వద్దు, నా వంతు రానీండి అన్నాడు. వంతు వచ్చాక, నీళ్లు వేడెక్కుతున్నాయని ఎవరూ చెప్పలేదేం ఆదెమ్మా అని అడిగాడు.

ఆదెమ్మ కొంగు సర్దుకుంది. "చెప్పామండీ. మీ ఆఫీసులో పోయిన ఏడు చెప్పాం. కుండలు బాలేవంటున్నారని రాసుకున్నారు. వారం తిరక్కుండా మనుషులొచ్చి ఇంకో కోటింగు వేసి పోయారు."

ఈసారి నవ్వింది పరంధామయ్య. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను నవ్వడం చూసి వరసలో బిగుసుకున్నవాళ్లు సడలారు. గంప ఆమె, కొండమీద కాలనీకి వచ్చే ట్యాంకరు సగమే నిండి వస్తుందయ్యా, మిగతా సగం దారిలో హోటళ్లకు పోతోంది, తమరికి ఎరికేనా అంది. మస్తాన్ చేతిలో ట్యూబు పట్టుకునే వచ్చి, ఆసుపత్రి కట్టించారు బాగుంది కానీ డాక్టరు శుక్రవారం తప్ప రాడు సార్ అన్నాడు. ఒకరి మాట మీద ఇంకొకరు. ఎన్నో ఏళ్లుగా అతని ముందు జనం దండాలు పెట్టారు, జై కొట్టారు, అర్జీలు ఇచ్చారు. మాట్లాడలేదు. ఓడిన మనిషికి చెప్పి ఏం లాభమని ఎవరికీ తోచకపోవడం అతనికి వింతగా ఉంది. ఇంకా తనను మనిషికింద జమ కట్టే ఉంచారు. బహుశా ఇప్పుడే జమ కట్టారు.

అంతలో ఆటోలోంచి ఇద్దరు యువకులు దిగారు, చేతుల్లో రంగుడబ్బాలు, బ్రష్షులు. గెలిచిన పార్టీవాళ్లు. మేడమ్ గారి పేరున చలివేంద్రం స్వాధీనం అంటూ మొదటి ఊదా కుండను పక్కకు లాగి, నెమలికంఠం రంగు డబ్బా మూత తీశారు. పరంధామయ్య చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అనకుండా ఇంటికి పోతే చాలు. అయిదేళ్లు తిరిగేసరికి మేరీ సుభాషిణి కుండల మీద కూడా జనం టీపొడి జోకు వేస్తారు. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో! ఆ తీపి కొంచెంసేపు నోట్లో ఉండనిచ్చాడు. తర్వాత రోడ్డు దాటాడు.

"రంగు వెయ్యొద్దు బాబూ. కుండకు ఊపిరాడక నీళ్లు ఉడికిపోతాయి. ఇవి తీసేసి మామూలు కుండలు పెట్టండి. మీ మేడమ్‌కు నేను చెప్పానని చెప్పండి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఓడిపోయిన కడుపుమంట సార్ ఇది, మాకర్థమవుతుందిలే అన్నాడు ఒకడు. పరంధామయ్య వాదించలేదు. చేతిలో చెంబు చూపించి, ఈ కుండలో ఒక గుక్క, ఆ కుండలో ఒక గుక్క తాగి చూసి మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండన్నాడు. రెండోవాడికి నిజంగానే దాహంగా ఉందేమో, ఊదా కుండలో ముంచుకుని తాగి ముఖం చిట్లించాడు. బ్రష్షు కింద పెట్టి పంక్చరు షాపు వైపు నడిచాడు. మొదటివాడు డబ్బా మూత వెయ్యాలో బ్రష్షు ముంచాలో తెలియక నిలబడ్డాడు.

మస్తాన్ కుండలో చెంబు నింపుకుని పరంధామయ్య వసారాకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుమ్మంలో శేషగిరి ఎదురొచ్చాడు. డ్రైవర్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు, ఏం చెప్పమంటారు అన్నాడు. ట్యాంకర్లు వెంటనే కదలాలని, నిండుగా కదలాలని, మొదటి ట్యాంకరులో డ్రైవరు పక్కన తాను కూర్చుంటానని పరంధామయ్య చెప్పాడు. పెయింటు కుండలన్నీ తీయించి కొత్తవి తెప్పించమన్నాడు. శేషగిరి జేబులోంచి పెన్ను తీసి అడిగాడు: "కొత్తవాటికి ఏ రంగు వేయించమంటారన్నా?"

పరంధామయ్య కోప్పడలేదు. శేషగిరి చేతిలోని పెన్ను తీసి అతని జేబులోనే పెట్టి, ఆ చేతిలో చెంబు పెట్టాడు. బస్టాండు దాకా నడిచి, దాహం తీర్చుకుని, ఇదే ప్రశ్న మళ్లీ వచ్చి అడగమన్నాడు. శేషగిరి చెంబు వంక చూశాడు, ఎండ వంక చూశాడు. ముందు ఇవి పంతులమ్మగారికి ఇవ్వండన్నా అని తిరిగి ఇచ్చేశాడు.

మాణిక్యాంబగారు ఎత్తిన చెంబు దించకుండా తాగింది. చివరి గుక్క గొంతులో చల్లగా దిగాక కళ్లు తెరిచి ఎదురుగా కూర్చున్న శిష్యుణ్ణి చూసింది. ఖద్దరు చొక్కా వీపుకు అంటుకుపోయింది. నుదుటి మీది చెమట కనుబొమలు దాటి, చెంపల మీదుగా గడ్డం నుంచి చుక్కలుగా రాలుతోంది. పరంధామయ్య ఇంకో ప్రశ్నకు నోరు తెరవబోతూ తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయాడు. ఆమె చెయ్యి చాచి ఆ తువ్వాలు పట్టుకుంది.

"తుడుచుకోకు నాయనా. ఇప్పుడిప్పుడే చెమరుస్తున్నావు. కాస్త గాలి తగలనియ్యి."