తేనేటి కట్ట, దంతరాజు వీపు

మోదుగుకోన అనే అడవి ఉండేది. దాని మధ్యగా తేనేరు అనే ఏరు పారేది. ఏటి ఒడ్డున ఏనుగులు, ఎలుగుబంట్లు, దుప్పులు, అడవిపందులు తిరిగేవి. ఏటి లోపల చేపలు, పీతలు ఉండేవి. ఆ పైవాడు అందరికీ తిండి చూపించాడు, నీడ చూపించాడు. నీళ్ల దగ్గరే చిక్కు.

ఏం చిక్కంటారా? తేనేరు వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. ఎండలు ముదిరితే ఇసుక తప్ప ఏమీ మిగలదు.

ఆ ఏటిలో కొర్రమ్మ అనే కొర్రమీను ఉండేది. కొర్రమీను పిల్లల్ని మీరు చూశారో లేదో. పుట్టిన కొత్తలో ఎర్రగా ఉంటాయి. గుంపుగా నీటి పైకి వస్తే, ఎవరో గుప్పెడు కుంకుమ చల్లినట్టుంటుంది. తల్లి వాటి కిందే ఈదుతూ కాపలా కాస్తుంది. అంత కాపలా కాసినా, వేసవిలో మడుగు బురదైపోయేది. వరసగా రెండేళ్లు కొర్రమ్మకి ఒక్క పిల్ల కూడా దక్కలేదు.

మూడో వేసవిలో, ఆఖరి మడుగు దగ్గరికి నీళ్లకొచ్చిన జంతువులతో కొర్రమ్మ అంది.

"అన్నల్లారా, దాహమేస్తే మీరు కొండ దాటి వెళ్తారు. నాకు కాళ్లు లేవు. నా బిడ్డలకి నిలిచే నీళ్లు కావాలి."

అప్పుడు రాతి కింద నుంచి ఒక ముసలి పీత బయటికొచ్చింది. అందరూ దాన్ని పీతవ్వ అనేవారు. పుట్టినప్పటి నుంచి మట్టిలోనే బతికిన ప్రాణం.

"ఏటికి అడ్డంగా మట్టికట్ట వేద్దాం. చేపలూ బతుకుతాయి, మీకూ కొండ ఎక్కే పని తప్పుతుంది. ఎలా వేయాలో నేను చెబుతాను," అంది పీతవ్వ.

చెప్పిందే తడవు, పని మొదలైంది. ఎలుగుబంట్లు మట్టి తవ్వాయి. చెదపురుగులు తమ పాత పుట్టలు ఇచ్చేశాయి. ఏనుగులు మోశాయి. అడవిపందులు పిల్లాపాపలతో కట్ట మీద అటూ ఇటూ పరుగెత్తి మట్టిని తొక్కి గట్టిపరిచాయి. కట్ట చివర, బండరాయి ఉన్నచోట, పీతవ్వ కాస్త పల్లంగా దారి వదిలించింది. మడుగు నిండాక మిగిలిన నీళ్లు అటు పోవాలి. దాన్నే అలుగు అంటారు.

పని అయ్యాక పీతవ్వ ఒక కట్టుబాటు పెట్టింది.

"నీళ్లు తాగిన ప్రతివాళ్లూ దేవుడికి దణ్ణం పెట్టుకోండి. వెళ్లేముందు కట్ట మీద ఒక ముద్ద మట్టి వేయండి. ఆ ముద్దే మన మొక్కు."

వానలొచ్చాయి. కట్ట వెనక నీళ్లు నిలిచాయి. దుప్పులు తాగి, గిట్టలతో ఇంత మట్టి నెట్టి వెళ్లేవి. పిట్టలు ముక్కుతో గింజంత మట్టి తెచ్చేవి. కొర్రమ్మ పిల్లల్ని పెట్టింది. మడుగు మీద కుంకుమ తేలింది. తల్లి మనసు కుదుటపడింది.

ఇక మన దంతరాజు సంగతి. అందరికన్నా పెద్ద ఏనుగు. కట్టకి అందరికన్నా ఎక్కువ మట్టి మోసింది అతనే. ఆ మాట నిజమే. కానీ రోజుకి నాలుగుసార్లు ఆ మాటే చెప్పేవాడు. రోజూ కట్ట నడుమ నుంచే దిగి నీళ్లు తాగేవాడు. ముద్ద మాత్రం వేసేవాడు కాదు.

"నాయనా, నువ్వు దిగే చోట కట్ట అరిగిపోతోంది. ఒక్క ముద్ద వేసి వెళ్లు," అంది పీతవ్వ.

"నేను మోసిన మట్టి ఏడు తరాలకి సరిపోతుంది అవ్వా."

"ఆ మట్టి ఆ రోజుది. ఈ రోజు తాగిన నీళ్లు ఈ రోజువి."

"తిన్నగా నడవడం రానిదానివి, నువ్వా నాకు దారి చెప్పేది?" అని దంతరాజు నవ్వాడు.

"అడ్డంగా నడిచినా, నేను కట్ట పొడుగునా రోజూ నడుస్తాను నాయనా. ఎక్కడ అరిగిందో నా కాళ్లకి తెలుసు."

దంతరాజుకి ఇంకో దిగులు ఉంది. మడుగులోకి దిగితే నీళ్లు అతని పొట్ట దాకే వచ్చేవి. వీపు తడిసేది కాదు. అలుగు మీంచి నీళ్లు పోతుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది.

"నా వీపు ఎండుతుంటే ఈ నీళ్లన్నీ ఎవరికి వదులుతున్నారు?" అంటూ ఒక పెద్ద దుంగ ఈడ్చుకొచ్చి అలుగులో బిగించాడు. సందుల్లో రాళ్లు కూరాడు.

"అది మూస్తే నీళ్లు కట్ట మీదకెక్కుతాయి. మట్టి నిలవదు," అంది పీతవ్వ. ఎలుగుబంటి కూడా నచ్చజెప్పబోయింది. దంతరాజు చెవులు విసిరాడు. ఎలుగుబంటి తేనె గుర్తొచ్చినట్టు వెళ్లిపోయింది.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే కొర్రమ్మకి నీరు ఒక పక్కకి లాగుతున్నట్టు అనిపించింది. కుంకుమలాంటి ఆ పిల్లల గుంపు మెల్లగా కట్ట వైపు కొట్టుకుపోతోంది. కట్ట నడుమ, దంతరాజు రోజూ దిగి దిగి అరిగిన చోట, నీళ్లు పొర్లుతున్నాయి. కట్ట అవతల మట్టి పెళ్లలు పెళ్లలుగా జారుతోంది.

"అన్నల్లారా, నా బిడ్డలు," అని కొర్రమ్మ పిలిచింది. ఆ గొంతు విని అందరూ పరుగెత్తి వచ్చారు.

"ముందు అలుగు తెరవండి," అంది పీతవ్వ.

దంతరాజు దుంగ కిందకి దంతం దూర్చి ఎత్తాడు. నీటి బరువుకి దుంగ కదల్లేదు. బలమంతా పెట్టాడు. దంతం సగానికి విరిగింది. దుంగ మాత్రం పక్కకి పడింది. నీళ్లు అలుగు మీంచి దూకాయి.

కానీ కట్ట నడుమ అప్పటికే గండి పడుతోంది. పిల్లలు అక్కడికి జానెడు దూరంలో ఉన్నాయి. దంతరాజు చూశాడు. అంత పెద్ద గండిని ఆపే వస్తువు అక్కడ ఒక్కటే ఉంది. వెళ్లి, మడుగు వైపు వీపు పెట్టి, గండిలో కూర్చున్నాడు.

నీటి లాగుడు ఆగింది. కొర్రమ్మ పిల్లల కిందకి దూరి వాటిని లోపలికి మళ్లించుకుంది.

"కదలకు నాయనా," అంది పీతవ్వ. అందరూ మట్టి తెచ్చి అతని ముందు పోసి తొక్కారు. పొద్దు వాలేదాకా తొక్కారు. చలికి దంతరాజు దవడలు వణికాయి.

"వీపు తడిసిందా దంతన్నా?" అంది ఎలుగుబంటి.

"తడిసింది. ఇక చాలు," అన్నాడు దంతరాజు. ఆ మాటకి అందరూ నవ్వారు, అతనితో సహా.

సాయంత్రానికి కట్ట నిలిచింది. దంతరాజు లేచి పీతవ్వ ముందు తొండం వంచాడు. "అవ్వా, నేను మోశాననుకున్నాను. నన్నే అందరూ మోస్తున్నారని ఇవాళ తెలిసింది."

కొర్రమ్మ నీటి అంచుకి వచ్చింది. "నా బిడ్డల్ని కాపాడావు అన్నా. నీ దంతం విరిగింది. ఆ రుణం ఎలా తీరుతుంది?"

"నా వల్లే పోబోయాయి తల్లీ," అన్నాడు దంతరాజు. తొండం నిండా మట్టి తీసి, తాను అరగదీసిన చోట వేశాడు. తర్వాత కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో మోదుగుకోనలో మడుగు ఎండలేదు. కొర్రమ్మ పిల్లలు పెరిగి నల్లబడి, తల్లంత అయ్యాయి. రోజూ తెల్లవారగానే కట్ట మీద మొదటి ముద్ద సగం దంతం ఏనుగు వేసిందే ఉండేది.

నీతి: నిన్న చేసిన మేలు చెప్పుకుంటూ కూర్చోకు, ఇవాళ తాగిన నీటికి ఇవాళే ఒక ముద్ద మట్టి వెయ్యి.